వెనక తలుపు ఎందుకు తెల్లగా ఉంది



మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక, హైదరాబాద్ నుంచి వేసవి సెలవులకు వచ్చిన ఒక అక్క మా కారు చుట్టూ తిరిగి చూసి, "అయ్యగారూ, ఈ ఒక్క తలుపు పాలతో కడిగినట్టుందేమిటండీ?" అని అడిగారు. పక్కనున్న మన సంఘస్థులు నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. నేనూ నవ్వాను. డిసెంబరులో అయితే నవ్వేవాణ్ణి కాదు.

ఊళ్ళో ఉన్నవాళ్ళకు ఈ సంగతి తెలుసు. కువైట్‌లో పని చేసుకుంటున్న మన అక్కచెల్లెళ్ళు ఫోన్లలో సగం సగం విని, వేరే రకంగా అర్థం చేసుకున్నారని ఈ మధ్యనే తెలిసింది. అందుకే ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. ఆ కుర్రాణ్ణి, వాళ్ళమ్మను, ట్రాక్టరు కామందును అడిగి, వాళ్ళు సరేనన్నాకే రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయను.

ముందు కారు గురించి చెప్పాలి. అది 2011 మోడల్ వ్యాగన్‌ఆర్. నేను కొన్నప్పటికే రెండు చేతులు మారింది. సగం డబ్బు నేను కూడబెట్టుకున్నది, మిగతా సగం మీరు తలా కొంచెం వేసి ఇచ్చింది. కాబట్టి అది నా కారని నేను అనుకుంటాను గానీ, ఊళ్ళో ఎవరూ అలా అనుకోరు. అర్ధరాత్రి నొప్పులు వస్తే ఆ కారే, పాము కరిస్తే ఆ కారే, కూటాలకు మైకుసెట్టు మోయాలన్నా ఆ కారే. దాని ఒంటి మీద ఉన్న గీతలన్నీ నేను లెక్క చెప్పగలను. బానెట్ మీద మేక డెక్కల గుర్తులు. పైకప్పు మీద కొబ్బరికాయ పడిన సొట్ట. పెళ్ళికని ఇస్తే, పూలు అంటించిన టేపుతో పాటు రంగు పెచ్చు కూడా ఊడొచ్చింది. సంఘ పెద్ద ఒకాయన ప్రతి బుధవారం తన సైకిలు తెచ్చి మా కారుకే ఆనిస్తారు, ఎన్నిసార్లు చెప్పినా. ఒక పిల్లవాడైతే డిక్కీ మీద మేకుతో సిలువ గీశాడు. ఎందుకురా అంటే, "మందిరం కారు కదండీ" అన్నాడు. దాన్ని చెరిపించడానికి నాకు మనసొప్పలేదు. ఇప్పటికీ ఉంది, చూడండి.

వీటికి నాకు పెద్దగా కోపం వచ్చేది కాదు. చేసినవాళ్ళు ఎదురుగానే ఉంటారు, "అయ్యో" అంటారు, అక్కడితో అయిపోతుంది. ఒకసారి టౌను మార్కెట్లో ఒక ఆటో మా బంపరు మీద గీరుకుంటూ పోయింది. ఆ అబ్బాయి దిగి నామీదే కేకలేశాడు, "కారు ఉంటే సరిపోద్దా, చూసి నడపాలి" అని. జనం మూగారు, వెనక హారన్లు. ఆటోలో ముగ్గురు స్కూలు పిల్లలు బిక్కమొహాలతో కూర్చుని ఉన్నారు. నేను చెయ్యి ఊపి వెళ్ళిపొమ్మన్నాను. మా ఆవిడ "క్షమించేశారు కదా, మంచిపని చేశారు" అంది. నిజానికి నేను క్షమించలేదు. అలసిపోయి వదిలేశాను. ఈ రెండూ ఒకటి కాదని నాకు అప్పుడే తెలిసి ఉండాల్సింది.

ఇక అసలు సంగతి. నవంబరు చివరి వారం, సార్వా కోతలు ముమ్మరంగా నడుస్తున్నాయి. మన ఊరి రోడ్డు ఆ రోజుల్లో ఎలా ఉంటుందో మీకు తెలుసు. సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి చుట్టూ రాళ్ళు పెడతారు, మిగతా సగంలోనే బస్సూ బండీ ఎద్దూ మనిషీ. పక్షవాతంతో మంచాన ఉన్న ఒక పెద్దావిడ కోసం ప్రార్థన చేద్దామని వెళ్ళాను. వాళ్ళ ఇల్లు కాలువ మీద కల్వర్టు దాటగానే, మలుపులో. ఇంకొంచెం ముందుకెళితే బడి ఆవరణ ఉంది, అక్కడ ఎన్ని కార్లైనా పెట్టుకోవచ్చు. ఎండగా ఉంది, అంత దూరం నడవాలా అనిపించి, మలుపులోనే ఎడమ వారకు పెట్టి లోపలికి వెళ్ళాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి. చాలా రోజులు నేను దీన్ని ఎవరికీ చెప్పలేదు.

ఇరవై నిమిషాల తర్వాత బయటికి వచ్చేసరికి కుడివైపు వెనక తలుపు లోపలికి నొక్కుకుపోయి ఉంది. హ్యాండిల్ ఊడి వేలాడుతోంది. వెనక లైటు ముక్కలై రోడ్డు మీద ఎర్రగా పడి ఉంది. చుట్టూ ఎవరూ లేరు, కల్వర్టు గోడ మీద కూర్చుని గాలం వేస్తున్న ఒక పిల్లవాడు తప్ప. "ధాన్యం ట్రాక్టరండీ," అన్నాడు. ఎవరి ట్రాక్టరో చెప్పాడు, ఎవరు తోలుతున్నారో కూడా చెప్పాడు. తోలింది మన సంఘంలోని కుర్రాడే. పంతొమ్మిదేళ్ళు. బాప్తిస్మం ఇచ్చింది నేనే. చివర్లో ఆ పిల్లవాడు ఇంకో మాట అన్నాడు: "ఆగలేదండీ."

తలుపు నొక్కుకుపోవడం కన్నా ఆ మాట ఎక్కువ నొప్పి పెట్టింది. ఇంటికి వెళ్ళేదాకా నా తలలో అదే తిరిగింది. ఆగలేదు. నా కారని తెలుసు, ఎవరింటికి వెళ్ళానో తెలుసు, అయినా ఆగలేదు.

తణుకు తీసుకెళితే షెడ్డులో మేస్త్రి చుట్టూ చూసి, కొత్త తలుపు, లైటు, టింకరింగు, పెయింటింగు కలిపి 14,500 అవుతుందన్నాడు. విజయవాడ ఆటోనగర్ నుంచి పాత తలుపు తెప్పిస్తే తగ్గుతుందన్నాడు. ఇన్సూరెన్స్ ఉంది కదా అని చాలామంది అడిగారు. పాత బండి కదా అని నేను కట్టింది థర్డ్ పార్టీ మాత్రమే. అది నా బండి వల్ల ఇతరులకు నష్టం జరిగితే పనికొచ్చేది, నా తలుపుకు ఒక్క రూపాయి రాదు. ఫుల్ ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ళు కూడా చిన్న సొట్టకు క్లెయిమ్ చేసేముందు లెక్క చూసుకోండి. క్లెయిమ్ లేని మొదటి ఏడాదికి 20 శాతంతో మొదలై ఐదేళ్ళకు 50 శాతం దాకా పెరిగే తగ్గింపు ఒక్క క్లెయిముతో పోతుంది. ఇక ట్రాక్టరుకు ఉన్న థర్డ్ పార్టీ కింద నేను అడగవచ్చు. దానికి పోలీసు కేసు, ట్రిబ్యునలు, తిరుగుడు. పైగా కుర్రాడికి లైసెన్సు లేదు. కంపెనీ నాకిచ్చినా, ఆ సొమ్ము మళ్ళీ కామందు దగ్గర రాబట్టుకునే వీలుంటుంది. కుర్రాడి పేరు స్టేషన్ కాగితాలకెక్కుతుంది. అలా చేయనని ఆ రోజే అనుకున్నాను. నేను చాలా దయగలవాణ్ణని కూడా అనుకున్నాను. కేసు పెట్టకపోవడమే క్షమాపణ అనుకున్నానన్నమాట.

కోపం ఉండగా సూర్యుణ్ణి అస్తమించనివ్వవద్దని పౌలు ఎఫెసీ సంఘానికి రాశాడు. నా కోపం మీద పదిహేడు సూర్యాస్తమయాలు గడిచాయి. ఒకసారి లెక్కపెట్టుకున్నాను.

ఆ మధ్యలో డిసెంబరు మొదటి ఆదివారం వచ్చింది. వాక్యభాగం లూకా 10, మంచి సమరయుని ఉపమానం. గాయపడినవాణ్ణి చూసి యాజకుడూ లేవీయుడూ ఆగకుండా పక్కగా పోయారు గదా. ఆ చోటికి వచ్చేసరికి నా నోటికి కళ్ళెం తెగింది. "మన ఊళ్ళోనూ ఉన్నారు, గుద్దేసి కూడా ఆగకుండా పోయేవాళ్ళు. తల్లులు ఏం నేర్పుతున్నారో మరి," అన్నాను. మైకులో. బయట హారన్ స్పీకరు ఉంది, మీకు తెలుసు, వీధి చివరి దాకా వినపడుతుంది. కొందరు నవ్వారు. కుర్రాడు ఆ రోజు రాలేదు. వాళ్ళమ్మ మూడో వరుసలో కూర్చుని ఉంది. కొంగు తల మీదకు లాక్కుంది. నేను చూశాను. చూసి కూడా ప్రసంగం కొనసాగించాను.

ఆవిడ భర్త పోయి ఆరేళ్ళు. రొయ్యల షెడ్డులో పని. షెడ్డు నుంచి వచ్చాక, ప్రతి శనివారం సాయంత్రం మందిరం ఊడ్చి, తడిగుడ్డ పెట్టి, చాపలు పరిచేది ఆవిడే. ఎవరూ అడగలేదు, జీతం లేదు. ఆ తర్వాతి శనివారం మా ఇంటి గుమ్మం దగ్గర మందిరం తాళంచెవి కనపడింది. ఎవరు పెట్టారో అడగాల్సిన పని లేదు. మా ఆవిడా నేనూ వెళ్ళి ఊడ్చుకున్నాం. ఊడుస్తూ ఊడుస్తూ మా ఆవిడ ఒకే మాట అంది: "కారు సంగతి మైకులో చెప్పాల్సిన సంగతా అండీ?" నేను ఏదో సమాధానం చెప్పాను. పేరు చెప్పలేదు కదా అన్నాననుకుంటా. ఆవిడ మళ్ళీ మాట్లాడలేదు. మరుసటి రోజు మూడో వరుసలో ఆ చోటు ఖాళీగా ఉంది.

ఆగస్టు నుంచి బుధవారం కూటంలో నిర్గమకాండము చెప్పుకుంటున్నాం. సరిగ్గా ఆ వారానికి 21, 22 అధ్యాయాలు వచ్చాయి. థియాలజీ చదువుకునే రోజుల్లో ఈ అధ్యాయాల్ని నేను గబగబా తిప్పేసేవాణ్ణి. పది ఆజ్ఞలకీ ప్రత్యక్ష గుడారానికీ మధ్య గొడ్లూ గోతులూ ఏమిటి అనుకునేవాణ్ణి. ఈసారి చదువుతుంటే, ధర్మశాస్త్రంలో మా ఊరి రోడ్డు కనపడింది.

గొయ్యి తవ్వి మూత వేయనివాడు, అందులో పడిన పశువుకు సొమ్ము ఇచ్చుకోవాలి. చంపాలని తవ్వలేదు కదా అంటే కుదరదు, మూత వేయకపోవడమే అతని బాధ్యత. ఇక ఎద్దుల సంగతి వింతగా ఉంటుంది. ఒకని ఎద్దు ఇంకొకని ఎద్దును పొడిచి చంపితే, బతికున్న ఎద్దును అమ్మి ఆ డబ్బు ఇద్దరూ పంచుకోవాలి, చచ్చినదాన్నీ పంచుకోవాలి. అంటే ఎవరూ కావాలని చేయని నష్టాన్ని ఇద్దరూ మోయాలి. కానీ ఆ ఎద్దు పొడిచేదని యజమానికి ముందే తెలిసి కట్టేయకపోతే లెక్క మారిపోతుంది, మొత్తం అతనే ఇచ్చుకోవాలి. నిర్గమ 21 చివర్లో ఉంది, చదవండి. ఇంగ్లీషు కోర్టులు, మన మోటారు వాహనాల చట్టం రాకముందు ఎన్ని వందల ఏళ్ళ క్రితమో, ప్రమాదం వేరు, తెలిసీ అజాగ్రత్తగా ఉండడం వేరు అని ఆ ఎడారిలో వాళ్ళకు చెప్పబడింది.

అలా రాసుకుంటుంటే నాకు రెండు సంగతులు తట్టాయి. లైసెన్సు లేని కుర్రాడి చేతికి ట్రాక్టరు ఇచ్చిన కామందు సంగతి ఒకటి, అది తేలిగ్గా తట్టింది. రెండోది, మలుపులో కారు పెట్టిన నా సంగతి. ట్రాక్టరు వెనక ట్రక్కు తగిలించినప్పుడు, ముందు ఇంజను తిరిగినంత వెడల్పుగా వెనక ట్రక్కు తిరగదు. మలుపు లోపలికి కోసుకుంటూ వస్తుంది. అనుభవం ఉన్నవాళ్ళు ముందుగానే బయటికి తీసి తిప్పుతారు. ఆ రోజు బయటికి తీయడానికి చోటు లేదు, అటు ధాన్యం, ఇటు నా కారు. మూత వేయని గొయ్యి నాది కూడా.

ఇంకొంచెం కిందకు వెళితే 22:6. ఒకడు పెట్టిన నిప్పు ముళ్ళకంపలకు అంటుకుని, పక్కవాడి పనల కుప్పలు, పైరు తగలబడితే, నిప్పు పెట్టినవాడు ఆ నష్టం కట్టాలి. నాలుకను నిప్పుతో పోల్చిన యాకోబు మాట దాని పక్కనే రాసుకున్నాను, కూటంలో చెప్పడానికి బాగుంటుందని. రాశాక కలం కింద పెట్టేశాను. ఆ బుధవారం కూటంలో నేను తడబడుతూ చెప్పానని కొందరు అన్నారు. నిజమే.

గురువారం సాయంత్రం నడిచే వెళ్ళాను. కుర్రాడు అరుగు మీద ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. నేను తిట్టడానికి వచ్చాననుకున్నాడు. "ఏం జరిగిందిరా, నువ్వే చెప్పు," అన్నాను.

"తగిలిందని తెలీదండీ. ఇంజను మోతలో వినపడలేదండీ. మిల్లు దగ్గర దించాక ట్రక్కుకు తెల్లరంగు అంటి ఉంటే అప్పుడు తెలిసిందండీ. ఆ రాత్రే వద్దామనుకున్నానండీ. భయమేసిందండీ. ఆదివారం తర్వాత వద్దామనుకున్నా. ఆదివారం మీరలా అన్నారని అమ్మ చెప్పాక ఇంక రాలేకపోయానండీ."

ఇందులో ఎంత నిజమో నేను కొలవలేను. మొదటి ముక్క నమ్మడం కొంచెం కష్టమే. చివరి ముక్క మాత్రం పూర్తిగా నిజమని అతని మొహం చూస్తే తెలిసింది. నీ సహోదరుడు నీ పట్ల తప్పు చేస్తే ఒంటరిగా ఉన్నప్పుడు వెళ్ళి చెప్పమని ప్రభువు అన్నాడు, మత్తయి 18:15. ఎన్నిసార్లు బోధించి ఉంటానో. వాళ్ళ ఇల్లు మా ఇంటికి నాలుగు వీధుల దూరం.

వాళ్ళమ్మ లోపలి నుంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. నేను చేతులు జోడించాను. "అలా వద్దండీ," అంది. కాసేపాగి, "మీరు ఇంటికొచ్చి చెంప మీద కొట్టినా పడేదాన్ని అయ్యగారూ. మైకులో అన్నారు," అంది. అంతే. టీ పెట్టి ఇచ్చింది. నేను ఏమీ అనలేకపోయాను, టీ తాగి వచ్చాను.

మైకులో అన్నది ఇంటి దగ్గర వెనక్కి తీసుకుంటే సరిపోదు. ఆ ఆదివారం అదే మైకులో, అదే హారన్ స్పీకరులో, నేను అన్న మాట తప్పని, మలుపులో కారు పెట్టింది నేనని, ఒక తల్లి పెంపకాన్ని గురించి మాట్లాడే హక్కు నాకు లేదని చెప్పాను. పెద్దలలో ఒకరికి అది నచ్చలేదు. సేవకుడు అలా తగ్గితే సంఘంలో భయం పోతుందన్నారు. ఆయన మీద నాకు గౌరవం ఉంది గానీ, ఆ మాట మాత్రం నేను ఒప్పుకోను.

ఇంక డబ్బు సంగతి. కామందు మన సంఘస్థుడు కాదు, విశ్వాసి కూడా కాదు. ఆయన్ని, కుర్రాణ్ణి, ఒక పెద్దను కూర్చోబెట్టి మాట్లాడాం. నేను ఎద్దుల లెక్క చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "పాస్టరుగారూ, పొడిచే ఎద్దని తెలిసీ వదిలింది నేనేనండీ. కోతల్లో డ్రైవరు దొరక్క వీడి చేతికిచ్చా," అని తనే అన్నాడు. అంత సూటిగా వాక్యానికి అన్వయింపు చెప్పినవాళ్ళు మన కూటంలో కూడా తక్కువే. ఆటోనగర్ తలుపుతో మొత్తం ఖర్చు 9,600కు దిగింది. కామందు 5,000 ఇచ్చాడు. నేను 2,600 పెట్టుకున్నాను. కుర్రాడు 2,000 కట్టాలని తేలింది, నెలకు 500 చొప్పున.

కుర్రాడి దగ్గర డబ్బు తీసుకోవడం తప్పని ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. విధవరాలి కొడుకు దగ్గరా, అయ్యగారు దగ్గరా, అని. నేనూ ఆలోచించాను. "పోనీలే రా, మర్చిపో" అంటే నాకు మంచి పేరు వచ్చేది. వాడు మాత్రం ఆ 2,000 జీవితాంతం నాకు బాకీ ఉండేవాడు, కనపడినప్పుడల్లా తల దించుకునేవాడు. జక్కయ్య ఇంటికి ప్రభువు వెళ్ళాక, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగి ఇస్తానని జక్కయ్యే అన్నాడు, వద్దులే అని ప్రభువు అన్నట్టు లూకా రాయలేదు. సంఖ్యాకాండము 5లో చూస్తే నష్టపరిహారానికి ఐదో వంతు కలిపి ఇవ్వాలని ఉంది. ఆ ఐదో వంతు నేను అడగలేదు లెండి.

మొదటి 500 తెచ్చిన రోజు వాడు గుమ్మం బయటే నిలబడి ఇచ్చి వెళ్ళాడు. రెండోసారి లోపలికి వచ్చి కూర్చున్నాడు. మూడోసారి మా ఆవిడ పెట్టిన అన్నం తిన్నాడు. ఏప్రిల్లో చివరి 500తో పాటు ఎల్ఎల్ఆర్ కాగితం కూడా తెచ్చి చూపించాడు. కామందే రుసుము కట్టి దరఖాస్తు చేయించాడట.

వాళ్ళమ్మ క్రిస్మస్‌కు వచ్చింది గానీ చివరి వరుసలో కూర్చుంది. తాళంచెవి ఫిబ్రవరి దాకా మా ఇంట్లోనే ఉంది. అన్ని శనివారాలూ మేమే ఊడ్చాం. ఒక శనివారం సాయంత్రం తనంతట తనే వచ్చి, "తాళంచెవి ఇవ్వండమ్మగారూ," అని మా ఆవిణ్ణి అడిగి తీసుకుంది. మూడో వరుసకు ఇంకా రాలేదు. అక్కడికి రమ్మని పిలిచే ధైర్యం నాకు లేదు.

తలుపు రంగు సంగతి అడిగారు కదా. పద్నాలుగేళ్ళు ఎండలో నిలబడిన తెలుపుకు కొత్త తెలుపు కలవదని మేస్త్రి ముందే చెప్పాడు. కలవాలంటే కారు మొత్తం వేయించాలి, అంత స్తోమత లేదు.

దాళ్వా కోతలప్పుడు మళ్ళీ ఆ పెద్దావిడను చూడ్డానికి వెళ్ళాను. రోడ్డు మీద ధాన్యం అలాగే ఉంది. కల్వర్టు దాటి బ్రేకు వేశానో లేదో, వెనక నుంచి ట్రాక్టరు హారన్. పక్క సీట్లో కామందు, స్టీరింగు మీద మనవాడు, ఎల్ బోర్డు తగిలించి. తల బయటపెట్టి అరిచాడు: "అయ్యగారూ, అక్కడొద్దండీ! బడి దగ్గర పెట్టుకోండి, ట్రక్కు కోసుకొస్తది!"

బడి దగ్గర పెట్టి, ఎండలో నడుచుకుంటూ వచ్చాను.